కాటా చీటీలు ఎక్సెల్‌లో ఎక్కించడం: మౌస్ ముట్టుకోకుండా త్వరగా అవ్వాలంటే ఏ షార్ట్‌కట్లు?

దాళ్వా_గుమస్తా (తణుకు దగ్గర)

అందరికీ నమస్కారమండి. రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు రాసే పని. దాళ్వా (రబీ వరి) కోతలు ఊపందుకుంటే రోజుకి 150 నుంచి 200 కాటా చీటీలు వస్తాయి. ఎక్సెల్ 2016లో ఒక్కో చీటీకి తేదీ, చీటీ నంబరు, రైతు పేరు, ఊరు, ధాన్యం రకం, లోడు తూకం, ఖాళీ తూకం, నికరం, బస్తాలు, రేటు, మొత్తం ఎక్కించాలి. అంటే పదకొండు గళ్ళు. ప్రతి గడికీ చెయ్యి కీబోర్డు మీంచి మౌస్ మీదకి, మళ్ళీ వెనక్కి పోతోంది. చీటీలు సాయంత్రానికి పూర్తవ్వడం లేదు.

నెట్‌లో "వంద షార్ట్‌కట్లు" అని పట్టికలు ఉన్నాయి గానీ వాటిలో ఈ పనికి నిజంగా పనికొచ్చేవి ఏవో తేలడం లేదు. ఇంకో రెండు చిక్కులు కూడా ఉన్నాయండి. కొట్టిన తేదీల్లో కొన్ని గడిలో ఎడమవైపు, కొన్ని కుడివైపు నిలుస్తున్నాయి. ల్యాప్‌టాప్‌లో ఎఫ్2 నొక్కితే గడి తెరుచుకోకుండా స్క్రీన్ వెలుతురు మారుతోంది. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

పాలకొల్లు_పద్దు

వంద షార్ట్‌కట్ల పట్టిక పక్కన పెట్టెయ్యండి. మీ పనికి కావలసినవి పదో పన్నెండో. అవి కూడా షీటు సరిగ్గా అమర్చుకున్నాకే కలిసొస్తాయి. కాలమ్‌లు ఎగుడుదిగుడుగా ఉంటే ఎన్ని షార్ట్‌కట్లు నేర్చినా చెయ్యి మౌస్ మీదకే పోతుంది.

ముందు కాలమ్‌ల క్రమం మార్చండి. చేత్తో కొట్టేవన్నీ ఎడమవైపు, ఎక్సెల్ లెక్క కట్టేవన్నీ కుడివైపు ఉండాలి. మీ వరసలో రేటు చివర్లో, నికరం తర్వాత ఉంది. దాన్ని ముందుకి తీసుకురండి. ఎ తేదీ, బి చీటీ నంబరు, సి రైతు, డి ఊరు, ఇ రకం, ఎఫ్ లోడు తూకం, జి ఖాళీ తూకం, హెచ్ రేటు. కొట్టడం ఇక్కడితో అయిపోవాలి. ఐ నికరం, జె బస్తాలు, కె మొత్తం. ఈ మూడూ ఫార్ములాలే. కాలమ్ అక్షరాలు ఇంగ్లీషులోనే కొట్టాలి. కింద ఎఫ్2 అంటే ఎఫ్ కాలమ్‌లో రెండో వరస గడి, కీబోర్డు మీద ఎఫ్2 మీట కాదు.

ఐ2లో =ఎఫ్2-జి2
జె2లో =ఐ2/75
కె2లో =ఐ2/100*హెచ్2

ఒక ట్రాక్టర్ లోడు 4,820 కిలోలు, ఖాళీ బండి 1,970 అనుకుందాం. నికరం 2,850 కిలోలు, 75 కిలోల బస్తా లెక్కన 38 బస్తాలు. క్వింటా 2,389 (2025-26 గ్రేడ్-ఎ మద్దతు ధర) అయితే 68,086.50 రూపాయలు. మీ ఫార్ములాలు సరిగ్గా పడ్డాయో లేదో ఈ అంకెలతోనే పరీక్షించుకోవచ్చు.

తర్వాత ఏదో ఒక గడిలో నిలబడి కంట్రోల్+టి కొట్టండి. హెడ్డింగులు ఉన్నాయా అని అడిగే చిన్న పెట్టెలో టిక్ ఉందో లేదో చూసి ఎంటర్ కొట్టండి. షీటు టేబుల్ అయిపోతుంది. ఇక కింద కొత్త వరసలో ఏదైనా కొట్టగానే టేబుల్ దానంతటదే ఒక వరస పెరుగుతుంది, ఐ, జె, కె ఫార్ములాలు కూడా వాటంతటవే దిగుతాయి. రోజుకి 200 సార్లు ఫార్ములా కిందకి లాగే పని అక్కడే తప్పిపోతుంది. మీకు కలిసొచ్చే టైములో పెద్ద వాటా ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

ఇప్పుడు కొట్టే పద్ధతి. గడి నుంచి గడికి ట్యాబ్‌తో మాత్రమే వెళ్ళండి. హెచ్ దాకా ట్యాబ్‌తో వెళ్ళి అక్కడ ఎంటర్ కొడితే, మీరు ట్యాబ్ మొదలుపెట్టిన కాలమ్‌కే కింద వరసలోకి వస్తారు. మధ్యలో యారో గానీ మౌస్ గానీ ముట్టుకున్నారా, ఎక్సెల్ ఆ మొదలు మర్చిపోతుంది, ఎంటర్ కొడితే హెచ్ కిందే దిగుతుంది. అలా జరిగితే హోమ్ నొక్కండి, వరస మొదటికి పోతారు.

రకం పై చీటీలోదే అయితే కంట్రోల్+డి. పై గడిలో ఉన్నది కింద పడుతుంది. రేటుకీ అంతే, ఊరికీ అంతే. ఒకే ఊరి బళ్ళు వరసగా వస్తాయి కాబట్టి ఊరి కాలమ్‌లో దీని ఉపయోగం బాగా కనపడుతుంది. కానీ గడిలో ముందే ఏదైనా ఉంటే కంట్రోల్+డి అడగకుండా దాన్ని తుడిచేసి పైది పెట్టేస్తుంది. పొరపాటు అయితే వెంటనే కంట్రోల్+జెడ్. చీటీ నంబరుకి మాత్రం కంట్రోల్+డి వద్దు, పై నంబరే మళ్ళీ పడుతుంది.

ఇంతకుముందు వచ్చిన ఊళ్ళలో ఒకటి కావాలంటే ఆల్ట్+డౌన్ యారో. ఆ కాలమ్‌లో కొట్టిన పేర్లన్నీ అక్షరక్రమంలో జాబితాగా తెరుచుకుంటాయి, యారోతో ఎంచి ఎంటర్ కొట్టండి. మధ్యలో ఖాళీ గడి ఉంటే దాని పైనున్న పేర్లు ఈ జాబితాలోకి రావు, అది చూసుకోండి.

రైతు పేర్ల దగ్గర ఒక ప్రమాదం ఉంది. రెండు మూడు అక్షరాలు కొట్టగానే ఎక్సెల్ మిగతా పేరు తానే పూరించి చూపిస్తుంది. ఒకే ఊళ్ళో సత్యనారాయణలు ముగ్గురుంటారు. తండ్రి పేరుతో ఉన్న సత్యనారాయణ ముందే ఎక్కి ఉంటే, మీరు ఉత్త సత్యనారాయణ కొట్టి ట్యాబ్ నొక్కినా ఆ పాత పేరే పడిపోతుంది. ట్యాబ్‌కి ముందు డిలీట్ నొక్కితే ఎక్సెల్ పూరించినది పోయి మీరు కొట్టినదే నిలుస్తుంది. ఒకరి ధాన్యం డబ్బు ఇంకొకరి పద్దులో పడకుండా ఉండాలంటే ఈ డిలీట్ అలవాటు అయి తీరాలి. ఇంకా నమ్మకంగా ఉండాలంటే పేరు పక్కన రైతు ఖాతా నంబరు కాలమ్ ఒకటి పెట్టుకోండి.

తేదీకి కంట్రోల్+సెమీకోలన్. ఈరోజు తేదీ పడుతుంది, రేపు మారదు. =టుడే() మాత్రం పెట్టకండి, అది రోజూ మారిపోతుంది, వారం పోయాక తెరిస్తే పాత చీటీలన్నీ ఆ రోజువే అని చూపిస్తుంది.

చీటీలన్నీ ఒకే రోజువి అయితే ఇంకో మెరుగైన దారి ఉంది. తేదీ కాలమ్ వదిలేసి బి నుంచే మొదలుపెట్టండి, ఎంటర్ కొట్టినప్పుడు బి దగ్గరికే వస్తారు. చివరి చీటీ అయ్యాక ఆ వరసలోనే ఎ గడికి వెళ్ళి కంట్రోల్+షిఫ్ట్+అప్ యారో కొట్టండి. నిన్నటి చివరి తేదీ దాకా సెలెక్ట్ అవుతుంది, నిన్నటిది కూడా అందులో ఉంటుంది. షిఫ్ట్ వదలకుండా డౌన్ యారో ఒక్కసారి నొక్కితే అది బయటికి పోతుంది. ఇప్పుడు కంట్రోల్+సెమీకోలన్, ఆ తర్వాత కంట్రోల్+ఎంటర్. 200 గళ్ళలో ఒకేసారి తేదీ పడుతుంది. పై నుంచి కిందకి కంట్రోల్+షిఫ్ట్+డౌన్ కొట్టకండి. కింద ఏమీ లేని కాలమ్ కాబట్టి సెలెక్షన్ షీటు అడుగుకి, అంటే 10,48,576వ వరస దాకా పోతుంది.

రేటు గురించి ఒక మాట. కొంతమంది రేటు ఒకే గడిలో, ఎం1లో పెట్టి ఫార్ములాలో $ఎం$1 అని రాస్తారు. కొట్టే పని తగ్గుతుంది, నిజమే. కానీ సీజను మధ్యలో రేటు మారి ఎం1 దిద్దారంటే, డబ్బు ఇచ్చేసిన పాత చీటీల మొత్తాలు కూడా మారిపోతాయి. కొనుగోలు లెక్కకి రేటు ప్రతి వరసలోనూ ఉండాలి. కంట్రోల్+డి ఉండగా అది భారం కాదు.

అమలాపురం_కీబోర్డు

పాలకొల్లు వారు చెప్పినదానికి తోడు, మీ రెండు చిక్కుల సంగతి చెబుతానండి.

తేదీ ఎడమవైపు నిలిచిందంటే ఎక్సెల్ దాన్ని తేదీగా కాదు, మామూలు అక్షరాలుగా తీసుకుందన్నమాట. కంప్యూటర్ విండోస్‌లో ప్రాంతం అమెరికా ఇంగ్లీషుగా ఉంటే నెల ముందు, రోజు తర్వాత అనుకుంటుంది. 25-4-2026 కొడితే ఇరవై అయిదో నెల లేదు కాబట్టి అక్షరాలుగా వదిలేస్తుంది, అది ఎడమవైపు కనిపిస్తుంది. అసలు ప్రమాదం కుడివైపు నిలిచినవాటిలో ఉంది. మీరు ఏప్రిల్ 5 అనుకుని 5-4-2026 కొడితే అది మే 4గా కూర్చుంటుంది. పైకి చక్కగా కనిపిస్తుంది, లోపల తప్పు. నెల 1 నుంచి 12 తేదీల దాకా ఇలాగే జరుగుతుంది.

ముందు మూలం సరిచెయ్యండి. విండోస్ సెట్టింగ్స్‌లో ప్రాంతం తెరిచి రీజనల్ ఫార్మాట్‌ని ఇంగ్లీష్ (ఇండియా)గా మార్చి ఎక్సెల్ మూసి తెరవండి. దీనితో ఇంకో లాభం ఉంది. 1234567 అనే అంకె 12,34,567 అని లక్షల్లో విడిపోయి కనిపిస్తుంది. కంట్రోల్+షిఫ్ట్+1 కొడితే కామాలూ రెండు దశాంశాలూ వస్తాయి.

తర్వాత, ఎడమవైపు నిలిచిన పాత తేదీలు. ఆ కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి ఆల్ట్ నొక్కి వదిలి ఎ, ఇ. టెక్స్ట్ టు కాలమ్స్ పెట్టె తెరుచుకుంటుంది. రెండుసార్లు నెక్స్ట్, మూడో మెట్టులో డేట్ ఎంచి పక్కన డిఎంవై (రోజు, నెల, ఏడాది వరస) పెట్టి ఫినిష్. అక్షరాలుగా ఉన్నవి నిజమైన తేదీలు అవుతాయి. కానీ మే 4గా తప్పుగా కూర్చున్నవి ఈ పద్ధతితో దిద్దుకోవు, ఎక్సెల్ దృష్టిలో అవి ఇప్పటికే సరైన తేదీలు. చీటీ నంబర్ల వరస చూసి, ముందు వెనక చీటీల తేదీకి పొసగనివి చేత్తోనే దిద్దాలి.

ఆల్ట్ షార్ట్‌కట్ల దగ్గర చాలామంది తప్పు చేస్తారు. కంట్రోల్‌ది నొక్కి పట్టుకుని రెండోది కొట్టాలి. ఆల్ట్‌ది అలా కాదు. ఆల్ట్ ఒకసారి నొక్కి వదిలేస్తే పైన మెనూ మీద చిన్న అక్షరాలు వస్తాయి, వాటిని ఒకదాని తర్వాత ఒకటి కొట్టాలి. ఆల్ట్+డౌన్, ఆల్ట్+ఈక్వల్ లాంటివి మాత్రం కలిపి నొక్కేవే.

ఎఫ్2 సంగతి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్+ఎస్కేప్ ఒకసారి నొక్కితే పై వరస మీటలు మామూలు ఎఫ్ మీటలుగా మారతాయి. ఎస్కేప్ మీట మీద చిన్న తాళం బొమ్మ ఉంటే అది ఇదే. అలా లేని మోడల్‌లో బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగులు) వెళ్ళి యాక్షన్ కీస్ లాంటి పేరున్న దాన్ని ఆపాలి. అందాకా ఎఫ్ఎన్ పట్టుకుని ఎఫ్2 కొడితే పని జరుగుతుంది.

ఎఫ్2 మీకు ఎందుకు కావాలంటే, గడిలో ఒక్క అంకె దిద్దడానికి. గడి మీద నిలబడి నేరుగా కొడితే ఉన్నదంతా పోతుంది. ఎఫ్2 కొడితే కర్సర్ చివర నిలుస్తుంది, అక్కడ దిద్ది ఎంటర్. వద్దనుకుంటే ఎస్కేప్, పాతదే ఉంటుంది.

యారో కొడితే గడి కదలకుండా షీటు మొత్తం జరుగుతోందంటే స్క్రోల్ లాక్ పడిందని అర్థం. కింద స్టేటస్ బార్‌లో ఆ మాట కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఆ మీట ఉండదు కాబట్టి విండోస్+కంట్రోల్+ఓ నొక్కి తెర మీద కీబోర్డు తెప్పించి అందులో స్క్రోల్ లాక్ నొక్కండి. యారో కొట్టినప్పుడల్లా సెలెక్షన్ పెరుగుతూ పోతుంటే ఎఫ్8 తగిలిందన్నమాట, ఎస్కేప్ కొడితే పోతుంది.

చివరిగా ఒక వస్తువు. రోజుకి 200 చీటీలంటే తూకాలు, నంబర్లు కలిపి వేలల్లో అంకెలు. యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ ఒకటి కొనండి. పై వరస అంకెలతో ఈ పని చెయ్యడం వేళ్ళకి శిక్ష. ప్యాడ్ మీద 5 మీట మీద చిన్న గుర్తు ఉంటుంది, మధ్యవేలు దాని మీద పెట్టుకుంటే చూడకుండా కొట్టడం త్వరగా పట్టుబడుతుంది.

దాళ్వా_గుమస్తా (తణుకు దగ్గర)

చాలా థాంక్సండి ఇద్దరికీ. రీజనల్ ఫార్మాట్ అమెరికాదే ఉంది, మార్చాను. టేబుల్ కూడా చేశాను, ఫార్ములాలు వాటంతటవే దిగుతున్నాయి.

ఇంకో రెండు అడుగుతాను. లోడు తూకం, ఖాళీ తూకం తారుమారుగా కొట్టేస్తే ముందే పట్టుకునే దారి ఉందా? కాటా కంప్యూటర్ నుంచి పెన్‌డ్రైవ్‌లో తూకాల ఫైలు కూడా ఇస్తారు. అందులోంచి కాపీ చేస్తే కూడిక సున్నా వస్తోంది. రాత్రి ఇవన్నీ టాలీలో (పద్దుల సాఫ్ట్‌వేర్) కూడా ఎక్కించాలి, దానికి ఏమైనా చెబుతారా?

పాలకొల్లు_పద్దు

తారుమారు తూకానికి వాలిడేషన్ పెట్టండి. జి2 నుంచి కిందకి ఖాళీ తూకం గళ్ళు సెలెక్ట్ చేసి ఆల్ట్, ఎ, వి, వి. అలౌ దగ్గర కస్టమ్ ఎంచి ఫార్ములా =జి2<ఎఫ్2 అని రాయండి. ఎర్రర్ అలర్ట్ పేజీలో మీకు అర్థమయ్యే మాట పెట్టుకోండి, "ఖాళీ తూకం ఎక్కువైంది, చీటీ చూడు" అని. ఇక తప్పు కొడితే గడి ఒప్పుకోదు. అదే పెట్టెలో రకం కాలమ్‌కి లిస్ట్ ఎంచి ఎంటీయూ-7029, ఎంటీయూ-1121 అని మీ దగ్గరికి వచ్చే రకాలు కామాలతో రాస్తే, ఆల్ట్+డౌన్ కొట్టినప్పుడు అవే వస్తాయి. ఒకే రకాన్ని 1121 అనీ ఎంటీయూ1121 అనీ రెండు తీర్ల కొడితే రకంవారీ మొత్తాలు చీలిపోతాయి, ఆ బాధ తప్పుతుంది.

ఒకటి గుర్తుంచుకోండి. వాలిడేషన్ చేత్తో కొట్టినదాన్నే ఆపుతుంది. పేస్ట్ చేసినదాన్నీ కంట్రోల్+డితో దింపినదాన్నీ ఆపదు. అందుకని సాయంత్రం ఆల్ట్, ఎ, వి, ఐ కొట్టండి. తప్పున్న గళ్ళ చుట్టూ ఎర్ర వలయాలు పడతాయి.

కూడిక సున్నా ఎందుకంటే, కాటా ఫైల్లో అంకెలు అక్షరాలుగా వచ్చాయి. గడి మూల పచ్చటి త్రికోణం కనపడుతుంది చూడండి. ఏదైనా ఖాళీ గడిలో 1 కొట్టి కంట్రోల్+సి చెయ్యండి. తూకాల గళ్ళు సెలెక్ట్ చేసి కంట్రోల్+ఆల్ట్+వి, తెరుచుకున్న పెట్టెలో వి, ఎం, ఎంటర్. అన్నిటినీ 1తో గుణించినట్టు, అంకెలుగా మారతాయి. మధ్యలో ఖాళీ గళ్ళు ఉంటే అవి సున్నాలు అవుతాయి, కాబట్టి తూకం ఉన్న మేరకే సెలెక్ట్ చెయ్యండి. తర్వాత ఆ 1 తుడిచెయ్యండి.

వేరే ఫైలు నుంచి మీ షీటులోకి తెచ్చేటప్పుడు ఉత్త కంట్రోల్+వి వద్దు. ఆ ఫైలు రంగులూ ఫాంట్లూ ఫార్ములాలూ అన్నీ వచ్చిపడతాయి. కంట్రోల్+ఆల్ట్+వి, వి, ఎంటర్ అంటే అంకెలు మాత్రమే వస్తాయి. ఇది రోజూ వాడేటట్టయితే పేస్ట్ వాల్యూస్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి క్విక్ యాక్సెస్ టూల్‌బార్‌లో చేర్చి, దాన్ని మొదటి స్థానానికి తెచ్చుకోండి. ఆ తర్వాత ఆల్ట్+1 కొడితే చాలు.

రోజు మొత్తానికి కంట్రోల్+షిఫ్ట్+టి. టేబుల్ అడుగున మొత్తం వరస వస్తుంది, మళ్ళీ కొడితే పోతుంది. చీటీలు ఎక్కించేటప్పుడు దాన్ని తీసేసి ఉంచండి. అది ఉంటే చివరి వరసలో ఎంటర్ కొట్టినప్పుడు మీరు మొత్తం వరసలోకి దిగుతారు, కొత్త వరస పుట్టదు.

భీమవరం_టాలీ

టాలీ సంగతి నేను చెబుతాను. టాలీ ప్రైమ్ అనుకుంటున్నా.

గేట్‌వేలో వోచర్స్‌లోకి వెళ్ళి ఎఫ్9 పర్చేజ్. చెల్లింపు ఎఫ్5, రసీదు ఎఫ్6, జర్నల్ ఎఫ్7, సేల్స్ ఎఫ్8, నగదు బ్యాంకులో వెయ్యడం, తియ్యడం ఎఫ్4 కాంట్రా. తేదీ మార్చాలంటే ఎఫ్2, రిపోర్టుకి కాలం మార్చాలంటే ఆల్ట్+ఎఫ్2. కొత్త రైతు వస్తే వోచర్ వదిలిపోనక్కర్లేదు. పేరు గడిలో ఆల్ట్+సి కొడితే అక్కడే లెడ్జర్ తెరుచుకుంటుంది, పేరు కొట్టి గ్రూపు సండ్రీ క్రెడిటర్స్ (మనం డబ్బు ఇవ్వాల్సినవాళ్ళు) పెట్టి కంట్రోల్+ఎ. మళ్ళీ మీ వోచర్ దగ్గరికే వస్తారు. మొత్తం గడిలో అదే ఆల్ట్+సి కాలిక్యులేటర్ తెరుస్తుంది.

నేరేషన్ (వోచర్ అడుగున రాసే వివరం) దగ్గర కంట్రోల్+ఆర్ కొడితే అదే రకం ముందు వోచర్ నేరేషన్ పడుతుంది, అందులో చీటీ నంబరు దిద్దుకోండి. ఒకే తీరు వోచర్లు ఉంటే డే బుక్‌లో పాతదాని మీద నిలబడి ఆల్ట్+2, దాని నకలు తయారవుతుంది. ఎక్కడున్నా ఏ రిపోర్టైనా తెరవడానికి ఆల్ట్+జి.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇది. రాత్రి టాలీలో రెండు గంటలు కూర్చుని వెంటనే ఎక్సెల్‌కి మారితే వేళ్ళు టాలీ అలవాటులోనే ఉంటాయి. టాలీలో కంట్రోల్+ఎ అంటే సేవ్. ఎక్సెల్‌లో అది మొత్తం సెలెక్ట్ చేస్తుంది, ఆ మీదట డిలీట్ తగిలిందంటే టేబుల్ అంతా ఖాళీ. టాలీలో కంట్రోల్+ఆర్ నేరేషన్ తెస్తుంది, ఎక్సెల్‌లో ఎడమ గడిలో ఉన్నదాన్ని ఈ గడి మీద పెట్టేస్తుంది. ఖాళీ తూకం గడిలో నిలబడి కంట్రోల్+ఆర్ కొడితే లోడు తూకం వచ్చి కూర్చుంటుంది, నికరం సున్నా అవుతుంది. ఎఫ్2 టాలీలో తేదీ, ఎక్సెల్‌లో గడి దిద్దడం. ఎఫ్4 టాలీలో కాంట్రా, ఎక్సెల్‌లో ఫార్ములా రాస్తుండగా $ గుర్తులు పెడుతుంది, మామూలప్పుడు ఇందాక చేసిన పనే మళ్ళీ చేస్తుంది. అదే ప్రమాదం: ఇందాక వరస తీసేసి ఉంటే ఎఫ్4తో ఇంకో వరస పోతుంది.

అందుకని రెండు పనులూ కలిపి చెయ్యకండి. చీటీలన్నీ ఎక్సెల్‌లో పూర్తి చేసి, కంట్రోల్+ఎస్ కొట్టి మూసేసి, అప్పుడు టాలీ తెరవండి.

రాజోలు_రైటర్

పాత ఫైళ్ళు బాగుచేసేవాళ్ళకి ఒకటి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి కదా. పాత రైతుల జాబితాల్లో అమలాపురం, రావులపాలెం, రాజోలు అన్నీ తూర్పు గోదావరి అనే ఉంటాయి. అవి ఇప్పుడు కోనసీమ జిల్లా. కాకినాడ, పిఠాపురం కాకినాడ జిల్లా. రాజమహేంద్రవరం తూర్పు గోదావరిలోనే ఉంది. కాబట్టి కంట్రోల్+హెచ్‌తో "తూర్పు గోదావరి" మొత్తం ఒకేసారి మార్చేస్తే తప్పు.

కంట్రోల్+షిఫ్ట్+ఎల్‌తో ఫిల్టర్ పెట్టి, మండలం హెడ్డింగు గడిలో ఆల్ట్+డౌన్, ఇ కొట్టండి. వెతికే గడిలోకి వెళ్తారు. అమలాపురం అని కొట్టి ఎంటర్. జిల్లా కాలమ్‌లో కనిపిస్తున్న గళ్ళు సెలెక్ట్ చేసి ఆల్ట్+సెమీకోలన్, అంటే దాగి ఉన్న వరసలు వదిలి కనిపించేవే పట్టుకోమని. కోనసీమ అని కొట్టి కంట్రోల్+ఎంటర్. ఒక్కో మండలానికి అర నిమిషం.

కొన్ని జాబితాల్లో ఊరు పేరు మొదటి రైతు దగ్గర ఒక్కసారే రాసి కింద ఖాళీ వదిలేస్తారు. చదవడానికి బాగానే ఉంటుంది, ఫిల్టర్‌కి పనికిరాదు. ఆ కాలమ్ సెలెక్ట్ చేసి కంట్రోల్+జి, ఆల్ట్+ఎస్, కె, ఎంటర్. ఖాళీ గళ్ళే సెలెక్ట్ అవుతాయి. ఇప్పుడు ఎక్కడా క్లిక్ చెయ్యకుండా = కొట్టి అప్ యారో ఒక్కసారి, ఆ తర్వాత కంట్రోల్+ఎంటర్. ప్రతి ఖాళీలోనూ పై ఊరు పడుతుంది. వెంటనే కాలమ్ మొత్తం కాపీ చేసి అక్కడే కంట్రోల్+ఆల్ట్+వి, వి, ఎంటర్ చెయ్యండి. లేకపోతే అవి ఫార్ములాలుగా ఉండిపోయి, అక్షరక్రమంలో పేర్చగానే ఊళ్ళన్నీ కలగాపులగం అవుతాయి. గళ్ళు దొరకలేదని చెబితే, ఖాళీగా కనిపిస్తున్న గళ్ళలో స్పేస్ కొట్టి ఉందని అర్థం.

పేర్లు తెలుగులో కొట్టేవాళ్ళు యూనికోడ్‌లోనే కొట్టండి. విండోస్+స్పేస్‌తో ఇంగ్లీషుకీ తెలుగుకీ మారవచ్చు. పాత డీటీపీ ఫాంట్లతో కొట్టిన పేర్లు లోపల ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, కంట్రోల్+ఎఫ్‌తో యూనికోడ్ పేరు వెతికితే దొరకవు. తెలుగు ఆన్‌లో ఉన్నప్పుడు సెమీకోలన్ లాంటి గుర్తుల షార్ట్‌కట్ పనిచెయ్యకపోతే, ఇంగ్లీషుకి మారి మళ్ళీ కొట్టి చూడండి.

లిబ్రే ఆఫీస్ వాడేవాళ్ళకి: అక్కడ కంట్రోల్+ఎంటర్, ఆల్ట్+ఎంటర్ తలకిందులు. సెలెక్ట్ చేసిన గళ్ళన్నీ నింపడానికి ఆల్ట్+ఎంటర్, గడిలో కొత్త లైనుకి కంట్రోల్+ఎంటర్. కంట్రోల్+డి మాత్రం ఒకటే.

దాళ్వా_గుమస్తా (తణుకు దగ్గర)

అన్నీ రాసుకున్నానండి. ఒక్క సందేహం మిగిలింది. మొత్తం కాలమ్‌లో కొన్ని గళ్ళలో ఫార్ములా లేకుండా ఎవరో అంకె కొట్టినట్టు ఉంది. 4,000 వరసల్లో ఏవో ఎలా పట్టుకోవడం?

పాలకొల్లు_పద్దు

ఎస్కేప్ కింద ఉండే మీటతో కంట్రోల్ కలిపి కొట్టండి. షీటు అంతా ఫార్ములాలుగా కనిపిస్తుంది, అంకె ఉన్న గడి తెలిసిపోతుంది. మళ్ళీ కొడితే మామూలే. 4,000 వరసలు కంటితో చూడలేరు కాబట్టి కె కాలమ్‌లో ఒక గడిలో నిలబడి కంట్రోల్+స్పేస్ కొట్టండి, టేబుల్ మేరకే కాలమ్ సెలెక్ట్ అవుతుంది. కంట్రోల్+జి, ఆల్ట్+ఎస్, ఓ, ఎంటర్. చేత్తో కొట్టిన అంకెలున్న గళ్ళే సెలెక్ట్ అవుతాయి. ముందు వాటికి పసుపు రంగు వెయ్యండి, ఇంకేమీ మార్చకండి.

తర్వాత ఒక్కొక్కటీ చీటీతో సరిచూడండి. తేమ ఎక్కువుందని మాట్లాడుకుని మొత్తం తగ్గించి కొట్టిన గళ్ళు వాటిలో ఉండొచ్చు. అలాంటివాటికి తరుగు అని వేరే కాలమ్ పెట్టి ఫార్ములాలో తీసెయ్యండి. అప్పుడు రైతు అడిగితే ఎంత, ఎందుకు తగ్గిందో చూపించగలుగుతారు. ఉత్త పొరపాటున పడినవైతే, ఫార్ములా సరిగ్గా ఉన్న గడిలో కంట్రోల్+సి, పసుపు గడి మీద కంట్రోల్+ఆల్ట్+వి, ఎఫ్, ఎంటర్. ఫార్ములా మాత్రమే దిగుతుంది, రంగు అలాగే ఉంటుంది కాబట్టి ఎన్ని దిద్దారో తెలుస్తుంది. మొదలుపెట్టే ముందు ఎఫ్12 కొట్టి ఫైలుకి ఇవాళ్టి తేదీ పేరుతో ఒక నకలు దాచుకోండి.